అక్రిలిక్ చిత్రణ: పొరల పద్ధతులు, సొంత శైలి

కింది పూత ఆరాక దాని మీద ఇంకో పూత, దాని మీద మరొకటి వేసుకుంటూ బొమ్మను కట్టడం చిత్రకళలో పాత పద్ధతే. తైలవర్ణాలతో ఈ పని చేసేవారికి ఒక్కో పూత ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. 20వ శతాబ్దం నడుమ వచ్చిన అక్రిలిక్ రంగులు ఆ ఎదురుచూపును నిమిషాలకు తగ్గించాయి. పైగా ఒకసారి ఆరిన అక్రిలిక్ మళ్లీ నీటికి కరగదు. పైన తడి కుంచె ఎంత ఆడించినా కింద ఉన్నది కదలదు. దీంతో ప్రయోగానికి అయ్యే ఖర్చు బాగా తగ్గింది. పొద్దున వేసిన పొర నచ్చకపోతే మధ్యాహ్నానికి దాన్ని కప్పేయవచ్చు, సగం కప్పి సగం వదిలేయవచ్చు, గీకి కింది రంగును బయటికి తీయవచ్చు. ఈ మాధ్యమంలో పేరు పొందిన చిత్రకారుల పనిని దగ్గరగా చూస్తే, వాళ్ల శైలిలో పెద్ద భాగం పొరల వరుసలోనే ఉందని తెలుస్తుంది. ఏది ముందు వేశారు, ఏది తర్వాత వేశారు, దేన్ని దాచారు, దేన్ని కనబడనిచ్చారు అన్న నిర్ణయాలే పదే పదే జరిగి, చివరికి చూడగానే ఫలానావారి బొమ్మ అని గుర్తుపట్టే స్థితికి వస్తాయి.

రంగు ఆరే తీరు

అక్రిలిక్ రంగులో ప్రధానంగా ఉండేవి మూడు: రంగునిచ్చే పిగ్మెంట్ పొడి, దాన్ని పట్టి ఉంచే అక్రిలిక్ పాలిమర్, నీరు. పాలిమర్ నీటిలో కరిగి ఉండదు. మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు ఉండే రేణువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. సీసాలోని మీడియం (పిగ్మెంట్ కలపని పాలిమర్ ద్రవం) పాలలా తెల్లగా కనిపించేది అందుకే. నీరు ఆవిరవుతున్న కొద్దీ ఆ రేణువులు దగ్గరికి చేరి, బూందీని లడ్డు చుట్టినట్టు ఒకదానికొకటి అంటుకుని, చివరికి మధ్య హద్దులు చెరిగిపోయి ఒకే పారదర్శకమైన పొరగా మారతాయి. పిగ్మెంట్ ఆ పొరలో చిక్కుకుని ఉండిపోతుంది. మళ్లీ నీళ్లు పోసినా ఆ రేణువులు విడిపోవు.

ఈ సంగతి తెలిస్తే పొరలతో వచ్చే చిక్కులు సగం ముందే అర్థమవుతాయి. పచ్చిగా ఉన్నప్పుడు పాలిమర్ తెల్లగా ఉంటుంది కాబట్టి రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. ఆరేసరికి ఆ తెలుపు పోయి రంగు ముదురుతుంది. నిన్న ఆరిన నీలాన్ని చూస్తూ ఇవాళ పచ్చి నీలం కలిపితే రేపటికి రెండూ తేడాగా తేలతాయి. అనుభవం ఉన్నవాళ్లు ముందుగా చిన్న ముక్క మీద కొద్దిగా రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూసుకున్నాకే కాన్వాసు మీద చెయ్యి వేస్తారు.

ఉష్ణోగ్రత ఇంకో సంగతి. సుమారు 9 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి చోట రేణువులు తగినంత మెత్తబడక సరిగా అతుక్కోవు, పొర పగుళ్లు ఇస్తుంది. హైదరాబాదులో, విజయవాడలో ఈ బాధ దాదాపు లేదు గానీ, న్యూజెర్సీలోనో టొరంటోలోనో చలికాలంలో గరాజులో కూర్చుని బొమ్మలు వేసే తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. మన దగ్గర ఇబ్బంది అటువైపు నుంచి వస్తుంది. మే నెల ఎండల్లో పాలెట్ మీద పిండిన రంగు, కుంచె తీసుకునేలోపే పైన తోలు కడుతుంది. వెడల్పాటి పళ్లెంలో తడిపిన గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగు పెట్టుకుంటే చాలాసేపు పచ్చిగా ఉంటుంది. ఫ్యాను ఆపడం, అప్పుడప్పుడు నీళ్లు పిచికారీ చేయడం ఇంకా సులువైన ఉపాయాలు. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ ద్రవాలు దొరుకుతాయి. అవి ఎక్కువైతే పొర ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోతుంది.

కార్ఖానా నుంచి కాన్వాసుకు

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ అక్రిలిక్ పదార్థాల మీద తన పరిశోధన గ్రంథాన్ని 1901లో సమర్పించాడు. కొన్నేళ్లకు ఆయన, ఒట్టో హాస్ కలిసి రోమ్ అండ్ హాస్ సంస్థను పెట్టారు. అమెరికాలోని రోమ్ అండ్ హాస్ 1953లో గోడల రంగుల కోసం పూర్తి అక్రిలిక్ ఎమల్షన్‌ను తెచ్చింది. అంటే మన ఇళ్ల గోడలకు వేసే ఎమల్షన్ పెయింటూ, చిత్రకారుడి ట్యూబులోని అక్రిలిక్కూ ఒకే కుదురు నుంచి వచ్చినవి.

ఈ రంగుల కోసం అందరికంటే ముందు ఆరాటపడినవారిలో మెక్సికో కుడ్య చిత్రకారులు ఉన్నారు. ఎండకూ వానకూ ఆరుబయట నిలిచే రంగు వాళ్లకు కావాలి. డేవిడ్ అల్ఫారో సికైరోస్ 1936లో న్యూయార్కులో ప్రయోగశాల లాంటి ఒక వర్క్‌షాపు పెట్టి, కార్లకు వేసే లక్క రంగులను చల్లీ, ఒలకబోసీ, ఒకదాని మీద ఒకటి పారించీ చూశాడు. అప్పటికి ఇంకా పేరు రాని జాక్సన్ పొలాక్ అక్కడ పాల్గొన్నవారిలో ఒకడు. తర్వాత 1950ల్లో మెక్సికోలో హోసే గుటియెరెజ్ పొలిటెక్ పేరుతో అక్రిలిక్ రంగులు తయారుచేశాడు.

న్యూయార్కులో లెనార్డ్ బోకూర్, సామ్ గోల్డెన్ 1940ల చివర మాగ్నా అనే అక్రిలిక్ రంగును తెచ్చారు. అది నీటితో కాక టర్పెంటైన్‌తో పలచబడేది. కొత్త పూతలోని టర్పెంటైన్ కింది పూతను మళ్లీ కరిగించగలదు కాబట్టి పొరల మీద పొరలు పేర్చేవారికి అది పూర్తిగా చేతికి లొంగలేదు. నీటితో వాడే అక్రిలిక్‌ను సిన్సినాటిలో హెన్రీ లెవిసన్ 1955లో లిక్విటెక్స్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. బ్రిటన్‌లో రౌనీ సంస్థ 1963లో క్రిలా రంగులను ప్రవేశపెట్టింది. 1960ల నుంచి ఇవి కళాశాలలకూ ఔత్సాహికులకూ చేరాయి. మన దగ్గర ఇవాళ బడిపిల్లల స్టేషనరీ కొట్లలో కూడా కామెల్, ఫెవిక్రిల్ సీసాలు దొరుకుతాయి.

పొరలు ఎన్ని రకాలు

అన్నిటికీ అడుగున ఉండేది ప్రైమర్. అక్రిలిక్ వాళ్లు దీన్ని గెస్సో అంటారు. సున్నపురాతి పొడి లాంటి కాల్షియం కార్బొనేట్, టైటానియం తెలుపు కలిసిన అక్రిలిక్ పూత ఇది. రెండు మూడు పూతలు వేసి, నడుమ సాండ్‌పేపర్‌తో రుద్దితే నునుపు వస్తుంది. రుద్దకుండా వదిలేస్తే కుంచె గీతలు మిగిలి, పైన వేసే ప్రతి పలుచని రంగూ ఆ గీతల్లో నిలుస్తుంది. నునుపా, గరుకా అన్నది ఇక్కడే తేలిపోతుంది, చివరి పొర దాకా ఆ ప్రభావం పోదు. చేర్యాల నకాషీ కళాకారులు ఈ పనిని తమ పద్ధతిలో ఎప్పటి నుంచో చేస్తున్నారు. ఖాదీ బట్టకు సుద్దమట్టి, బియ్యపు గంజి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు. ఒక పూత పూర్తిగా ఆరితే తప్ప తర్వాతి పూత వేయరు. ఆ నేల సిద్ధమయ్యాకే ఎర్రటి నేపథ్యం, దాని మీద కథ.

అసలు ప్రైమర్ వేయకుండా ఉత్త బట్ట మీద పలుచని రంగు పారించడం దీనికి పూర్తిగా ఎదురు మార్గం. అప్పుడు రంగు బట్ట మీద నిలవదు, నూలులోకి ఇంకుతుంది. హెలెన్ ఫ్రాంకెంథాలర్ 1952లో ‘మౌంటెన్స్ అండ్ సీ’ చిత్రాన్ని పలచబరిచిన తైలవర్ణంతో ఈ తీరున వేసింది. 1960ల్లో అక్రిలిక్‌కు మారింది. 1953లో ఆమె స్టూడియోలో ఆ చిత్రాన్ని చూసి వాషింగ్టన్ వెళ్లిన మోరిస్ లూయిస్ మాగ్నా రంగులను బాగా పలచబరిచి, ఉత్త కాన్వాసు మీద పైనుంచి కిందికి పారించాడు. ఒక ధార ఆరాక ఇంకో ధార. ‘వెయిల్స్’ అని పిలిచే ఆ చిత్రాల్లో నడిమి భాగం పొగమంచులా మసకగా ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం లోపల దాగిన నారింజ, ఆకుపచ్చ, నీలం వరుసగా తొంగిచూస్తాయి. ఎన్ని రంగులు ఒకదాని మీద ఒకటి పారాయో ఆ అంచులు చూస్తేనే తెలుస్తుంది. కాన్వాసు కంటే చిన్నదైన భోజనాల గదిలో ఆయన ఈ పని చేశాడు. చేస్తుండగా ఎవరినీ చూడనివ్వలేదు.

ప్రైమర్ వేసిన నేల మీద చాలామంది వేసే తొలి పొర ఒక రంగు వాష్. కాల్చిన సియెన్నా, ఓకర్ లాంటి మట్టి రంగును పలుచగా కాన్వాసంతా పూసేస్తారు. తెల్లటి కాన్వాసు కళ్లు చెదరగొట్టి, ఏ రంగు ఎంత ముదురో తేల్చుకోనివ్వదు. ఆ తెలుపును చంపేయడం మొదటి లాభం. పై పొరల సందుల్లో అక్కడక్కడ ఆ మట్టి రంగు కనిపిస్తూ బొమ్మనంతా ఒకే వెలుగులోకి తేవడం రెండోది. దాని మీద నలుపు తెలుపుల్లో, లేదా గోధుమ తెలుపుల్లో వెలుగునీడలు పూర్తిగా కట్టేసి, రంగును తర్వాత గ్లేజులుగా ఎక్కించడం ఐరోపా తైలవర్ణ చిత్రకారుల పద్ధతి. అక్రిలిక్‌లో అదే పని ఒక్క రోజులో అయిపోతుంది.

గ్లేజ్

పొరల పద్ధతిలో అసలు రుచి గ్లేజులో ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. గ్లేజ్ అంటే పారదర్శకమైన రంగును ఎక్కువ మీడియంలో కలిపి వేసే పలుచని పూత. ఒక పాలు రంగుకు పది పాళ్ల మీడియం మామూలు కొలత. వెలుగు ఆ పూత గుండా లోపలికి వెళ్లి, అడుగున ఉన్న తెలుపుకో లేత రంగుకో తగిలి, మళ్లీ అదే పూత గుండా బయటికి వస్తుంది. రెండుసార్లు వడగట్టిన వెలుగు కనుక ఆ రంగుకు లోతు వస్తుంది. పాలెట్ మీద కలిపిన రంగులో ఈ లోతు ఉండదు.

చేసి చూస్తే తెలిసే చిన్న ప్రయోగం ఒకటుంది. గెస్సో వేసిన మందపాటి కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో హంసా పసుపు, థాలో నీలం పాలెట్ మీదే కలిపి వేయండి. ఏకరీతి ఆకుపచ్చ వస్తుంది, చూపు దాని మీదే ఆగిపోతుంది. రెండో గడిలో పసుపు వేసి, ఆరాక పైన నీలాన్ని గ్లేజుగా వేయండి. ఇదీ ఆకుపచ్చే. కానీ కుంచె వెంట్రుకలు నీలాన్ని పలుచగా ఈడ్చిన చోట పసుపు వెలుగుతూ ఉంటుంది, నీలం గుమిగూడిన చోట చెరువు నీటి రంగు ముదురుతుంది. మూడో గడిలో వరుస తిప్పి, నీలం ఆరాక పైన హంసా పసుపు గ్లేజ్ వేయండి. పసుపు దాదాపు కనబడకుండా మాయమై, నీలం కాస్త పచ్చబడిన నలుపులా మిగులుతుంది. కింద వెలుగును తిప్పికొట్టేది ఏదీ లేనప్పుడు పైన ఎంత పసుపు పులిమినా లాభం లేదు. నాలుగో గడిలో నీలం మీద కాడ్మియం పసుపు వేయండి. అది కప్పే రంగు కనుక నీలాన్ని మూసేసి, కొద్దిగా పచ్చ జీర ఉన్న పసుపుగా నిలుస్తుంది. పసుపు, నీలం రెండే ఛాయలు, ఫలితాలు నాలుగు. పొరల వరుసే శైలి అవుతుందనడానికి ఇంతకంటే నేరుగా చూపగలిగే రుజువు నాకు తెలియదు.

దీనికోసం ఏ పిగ్మెంట్ పారదర్శకమో, ఏది కప్పేదో తెలిసి ఉండాలి. థాలో నీలం, థాలో ఆకుపచ్చ, క్వినాక్రిడోన్ ఎరుపులు, డయాక్సజిన్ ఊదా పారదర్శకమైనవి. టైటానియం తెలుపు, కాడ్మియం ఎరుపు, పసుపు కప్పేవి. జింకు తెలుపు రెంటి నడుమ ఉంటుంది. ట్యూబు మీద పీబీ15, పీవీ19, పీడబ్ల్యూ6 లాంటి గుర్తులు ముద్రిస్తారు. రంగు పేరు కంటే ఈ గుర్తునే నమ్మాలి. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు వేరేవి కలిపి ఆ ఛాయ తెచ్చారని అర్థం. విద్యార్థుల కోసం తయారయ్యే చౌక రంగుల్లో పిగ్మెంట్ తక్కువ, పూరకం పొడి ఎక్కువ. అవి గోడంత మైదానాన్ని కప్పడానికి పనికొస్తాయి గానీ గ్లేజుగా పలచబరిస్తే సుద్దనీళ్లలా తేలతాయి. నీళ్లతోనే మరీ పలచబరిచినా చిక్కే: పిగ్మెంటును పట్టి ఉంచడానికి పాలిమర్ చాలదు, తర్వాతి తడి కుంచెకు రంగు లేచి వస్తుంది. గ్లేజుకు మీడియం వాడమనేది ఇందుకే.

గ్లేజుకు ఎదురుగా ఉండేది స్కంబుల్. లేత, కప్పే రంగును దాదాపు పొడిగా ఉన్న కుంచెతో, ముదురు పొర మీద తేలిగ్గా రాసుకుంటూ పోతారు. గరుకు మిట్టల మీదే రంగు అంటుకుంటుంది, గుంటల్లో కింది రంగు మిగిలిపోతుంది. దుమ్ము, పొగ, తెల్లవారుజాము వెలుగు, పాత గోడ మీది సున్నం ఇలా బాగా పలుకుతాయి. మందపు పొరల కోసం జెల్, మోడలింగ్ పేస్ట్ ఉన్నాయి. పాలెట్ నైఫ్‌తో వేస్తే కత్తి జారిన గుర్తులు అలాగే గట్టిపడతాయి. ఆ ఎత్తుపల్లాల మీద ముదురు గ్లేజ్ పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే గుంటల్లో మాత్రమే రంగు మిగులుతుంది. సులువైన పని కాబట్టి ఇది బాగా అరిగిపోయింది కూడా. దుకాణాల్లో అమ్మే అలంకరణ బొమ్మల్లో సగం దీని మీదే నడుస్తాయి.

వేయడం ఎంతో తీసేయడమూ అంతే. పూత సగం ఆరినప్పుడు దాని మీద నీటి చుక్కలు చల్లి, ఒక్క క్షణం ఆగి గుడ్డతో అద్దితే, చుక్క ఉన్న చోట రంగు లేచిపోయి చుట్టూ సన్నని వలయం మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలితే ఆరిన పొర కూడా మెత్తబడి కింది రంగు బయటపడుతుంది. తడి సాండ్‌పేపర్‌తో రుద్దితే నాలుగైదు పొరలు ఒకేసారి దీవుల్లా పైకి తేలతాయి. మాస్కింగ్ టేప్ అంటించి రంగు వేసేటప్పుడు ముందుగా టేప్ అంచుకు పారదర్శక మీడియం రాసి ఆరనిస్తే, సందులన్నీ మూసుకుపోయి గీత కత్తితో కోసినట్టు వస్తుంది.

శైలి కుదిరిన తీరు: కొందరు చిత్రకారులు

డేవిడ్ హాక్నీ 1964లో కాలిఫోర్నియా చేరాక అక్రిలిక్ పట్టాడు. అక్కడి ఎండకు, నీడలేని గోడలకు, ఈతకొలనుల చదునైన నీలానికి ఈ రంగు సరిపోయింది. 1967లో వేసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’లో ఆకాశం, ఇల్లు, నీళ్లు రోలరుతో రెండు మూడు పొరల్లో చదునుగా వేసినవి, కుంచె గుర్తు వెతికినా కనబడదు. వాటన్నిటి మీద, ఎవరో దూకిన చోట లేచిన నీటి తుంపర మాత్రం సన్నని కుంచెలతో గీతగీతగా కట్టింది. కంటి రెప్పపాటులో ముగిసే ఆ తుంపరకు దాదాపు రెండు వారాలు పట్టిందని హాక్నీయే చెప్పాడు. కదలనివన్నీ వేగంగా, కదిలేది నిదానంగా వేశాడు. ఈ చిత్రంలో పొరల వరుస అంటే అదే. కొన్నేళ్లకు అక్రిలిక్ తనను కట్టేస్తోందనిపించి ఆయన తైలవర్ణాలకు తిరిగి వెళ్లాడు. మాధ్యమాన్ని వదిలిపెట్టడం కూడా శైలి వెతుకులాటలో భాగమే.

ఆస్ట్రేలియా ఎడారి చిత్రకారుల కథ ఇంకో దారి. పపున్యా ఊళ్లో 1971లో బడిపంతులు జెఫ్రీ బార్డన్ ప్రోత్సాహంతో అక్కడి ఆదివాసీ పెద్దలు, ఇసుక మీద, ఒంటి మీద గీసుకునే తమ సంప్రదాయ చిహ్నాలను గోడ మీదికి, బోర్డుల మీదికి తెచ్చారు. వాడింది ఎక్కువగా అక్రిలిక్కే. బయటివారికి చూపకూడని పవిత్ర చిహ్నాలను చుక్కలతో కప్పడం అక్కడి చుక్కల పొరలకు ఒక కారణమని చెబుతారు.

యుటోపియా ప్రాంతానికి చెందిన ఎమిలీ కామె ఙ్‌వారే 1977 నుంచి స్త్రీల బృందంతో కలిసి బాటిక్ వేసింది. 1988-89లో అక్రిలిక్ ఆమె చేతికి వచ్చేసరికి వయసు డెబ్భై దాటి ఉంది. 1996లో కన్నుమూసేలోపు ఎనిమిదేళ్లలో దాదాపు మూడు వేల చిత్రాలు వేసిందని అంచనా. కాన్వాసును నేల మీద పరిచి, పక్కన కూర్చుని, చుట్టూ తిరుగుతూ వేసేది. తొలి చిత్రాల్లో అడవిదుంప వేళ్లు భూమిలో పారినట్టు గీతల వల ముందు వస్తుంది, దాని మీద చుక్కల పొర. రెండూ కనిపిస్తాయి. పోనుపోను చుక్కలు పెరిగి గీతల్ని మింగేస్తాయి. తర్వాత ఒకే కుంచెకు రెండు మూడు రంగులు పట్టించి కాన్వాసు మీద గుద్దుతూ, పువ్వుల్లా విచ్చిన చుక్కలు వేసింది. 1995లో వచ్చిన ‘బిగ్ యామ్ డ్రీమింగ్’లో చుక్కలన్నీ పోయి, సుమారు ఎనిమిది మీటర్ల నల్లటి కాన్వాసు మీద తెల్లటి వేళ్ల వల ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ అడుగున ఉన్న పొర చివరికి పైకి వచ్చి నిలబడింది. ఆమె వస్తువు మారలేదు. తన నేల, తన దుంప, దాని గింజ. మారిందల్లా దేన్ని కప్పాలి, దేన్ని విప్పాలి అన్నదే. సొంత శైలి గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపేది ఈమె పనినే.

చికాగోలో ఉండే కెర్రీ జేమ్స్ మార్షల్ నల్లజాతి మనుషుల ఒంటి రంగును గోధుమ ఛాయల్లోకి దించకుండా నిజంగా నలుపుతోనే వేస్తాడు. ఐవరీ నలుపు, కార్బన్ నలుపు, ఐరన్ ఆక్సైడ్‌తో వచ్చే మార్స్ నలుపు ఆయన మూల రంగులు. వాటిలో కొద్దిగా నీలమో, ఆకుపచ్చో, ఊదానో కలిపి చల్లటి నలుపు, వెచ్చటి నలుపు పుట్టిస్తాడు. దూరం నుంచి ఒకే నల్లటి ఆకారం. దగ్గరికి వెళ్తే చెంప ఒక నలుపు, మెడ ఇంకో నలుపు. ఇథియోపియాలో పుట్టిన అమెరికన్ జూలీ మెహ్రెటు కట్టడాల నక్షాలను ఇంకుతో గీసి, దాని మీద పారదర్శక అక్రిలిక్ పొర వేసి, నునుపుగా రుద్ది, మళ్లీ గీస్తుంది. అలా ఒక ఊరి మీద ఇంకో ఊరు గాజులో ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది.

భారతీయుల్లో సయ్యద్ హైదర్ రజా ఫ్రాన్స్‌లో ఉంటూ తైలవర్ణాల నుంచి అక్రిలిక్‌కు వచ్చాడు. 1983 నాటి ‘సౌరాష్ట్ర’ అక్రిలిక్కే. ఎరుపు, కాషాయం, నలుపు గళ్లు అందులో వేడిగా మండుతుంటాయి. తయ్యబ్ మెహతా మొదట్లో కత్తితో దట్టంగా పూసేవాడు. 1968లో అమెరికా వెళ్లి బార్నెట్ న్యూమన్ చిత్రాలు చూశాక మందాన్ని వదిలి చదునైన రంగు మైదానాలకు, వాటిని ఏటవాలుగా చీల్చే గీతకు మళ్లాడు. 1995 నాటి ‘సెలబ్రేషన్’ అక్రిలిక్‌తో వేసిన మూడు పలకల చిత్రం. పొరలు పెంచుకుంటూ పోతేనే శైలి వస్తుందనుకునేవారికి ఈయన దారి మంచి జవాబు.

మన తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాడు. కొన్నేళ్లు బొగ్గుతో, పెన్సిలుతో గీశాక రంగుల్లోకి, అక్రిలిక్‌లోకి వచ్చాడు. రంగులు కలిపి నీరసపరచడం ఆయనకు గిట్టదు. ఎరుపు, కాషాయం, పసుపు తమ పూర్తి బలంతో నిలబడాలి. నిగనిగలాడే చామనఛాయ ముఖం, పావలా కాసంత బొట్టు, ముక్కెర, పైన చీర అంచు. అంచులోని గీతలు, రవిక మీది చుక్కలు కింది చదును రంగు మీద స్పష్టంగా, చెదరకుండా కూర్చోవాలి. తొందరగా ఆరి, కింది రంగును కదపనివ్వని అక్రిలిక్ ఇలాంటి పనికి బాగా పొసగుతుంది.

ప్రయోగం చేసుకునే తీరు

కొత్తవాళ్లు మీడియం, జెల్, పేస్ట్, స్పాంజి, టేప్ అన్నీ కొనుక్కుని ఒకే కాన్వాసు మీద గుమ్మరిస్తారు. బొమ్మ బాగున్నా దేనివల్ల బాగుందో తెలియదు, కాబట్టి రెండోసారి రాదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఒకే స్కెచ్‌ను, ఒకే మూడు రంగులతో, అరచేతి అంత ముక్కల మీద వేసుకోండి. మొదట నేల రంగు మాత్రమే మార్చండి. తర్వాత నేల అలాగే ఉంచి గ్లేజు, స్కంబుల్ వరుస మార్చండి. ప్రతి ముక్క వెనక పెన్సిలుతో పిగ్మెంట్ గుర్తు, మీడియం కొలత, పొరల క్రమం రాయండి. ఇలాంటి ముక్కలు పోగయ్యాక గోడకు వరుసగా అంటించి కొన్నాళ్లు వదిలేస్తే, కళ్లు తమంతట తామే కొన్నిటి దగ్గరికి పదే పదే వెళ్తాయి. వాటి వెనక రాసింది చదివితే ఏదో ఒక పోలిక కనిపిస్తుంది: అన్నిటిలో నేల ముదురుగా ఉండవచ్చు, చివరి పొర ఎప్పుడూ పొడి కుంచెతో వేసింది కావచ్చు. అక్కడి నుంచి సొంత దారి మొదలవుతుంది.

పాలెట్‌ను కుదించడం కూడా ఇంతే మేలు చేస్తుంది. మూడు పారదర్శక రంగులు, ఒక కప్పే తెలుపు చాలు. రంగులు తక్కువైతే తేడా తేవడానికి పొరలే దిక్కు. ఇతరుల చిత్రాలను నకలు వేయడం తప్పేమీ కాదు గానీ పైపైన కనిపించేదాన్ని కాక, అది ఏ వరుసలో కట్టి ఉంటారో ఊహించి ఆ వరుసను నకలు వేయాలి. మ్యూజియంలో బొమ్మ అంచు దగ్గర, ఫ్రేములోకి మడిచిన చోట, చాలాసార్లు కింది పొరలు బయటే ఉంటాయి.

పొరలు నిలవాలంటే

మందంగా వేసిన అక్రిలిక్ పైన ఆరినట్టు కనబడినా లోపల నెలల తరబడి తడి ఉంటుంది. ఆరే క్రమంలో నీరు పోయి పొర బాగా కుంగుతుంది కూడా, అందుకే ఎత్తు కావాలంటే ఒకేసారి కాక కొంచెం కొంచెంగా పెంచాలి. పారదర్శకమైన జెల్‌ను దట్టంగా వేసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. అందులోని నీరు నూలు బట్టలోకి వెళ్లి అక్కడి మరకను పట్టుకుని పైకి తెస్తుంది, జెల్ లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. ముందుగా బట్టకు పారదర్శక పాలిమర్ పూతలు వేసి, ఆ పైన గెస్సో వేస్తే ఈ మరక పైకి రాదు. ఆరిన అక్రిలిక్ మీద తైలవర్ణం వేయవచ్చు. తైలవర్ణం మీద అక్రిలిక్ వేస్తే పట్టు ఉండదు, పెచ్చులుగా ఊడుతుంది.

ఆరినా ఈ పొర గట్టిపడిపోదు, వేడికి మెత్తబడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. ఎండాకాలంలోనూ, కోస్తా ఊళ్ల ఉక్కపోతలోనూ రెండు కాన్వాసులను ఎదురెదురుగా ఆనించి పెడితే అతుక్కుని, విడదీసేటప్పుడు రంగు ఊడి వస్తుంది. మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచాలి. లండన్‌లోని టేట్, లాస్ ఏంజిలెస్‌లోని గెట్టి లాంటి సంస్థల పరిరక్షకులు అక్రిలిక్ చిత్రాలను తడి దూదితో తుడిస్తే ఏమవుతుందన్నది పరిశీలిస్తూ వస్తున్నారు. రంగులో కలిపిన సబ్బు లాంటి పదార్థాలు ఉపరితలానికి చేరడం, నీటికి పొర ఉబ్బడం వాళ్ల ముందున్న సమస్యలు. చిత్రకారుడి వైపు నుంచి చేయగలిగింది, బొమ్మ బాగా ఆరాక మొదట ఒక పారదర్శక అక్రిలిక్ పూత వేసి, దాని మీద తర్వాత తీసివేయడానికి వీలయ్యే వార్నిష్ వేయడం. ఎన్నేళ్లకో వార్నిష్ మురికిపడితే దాన్ని తొలగించేటప్పుడు ఆ నడిమి పూత కింది గ్లేజులను కాపాడుతుంది. ఈ రెండు పూతల పేర్లు, వేసిన తేదీ కాన్వాసు వెనక రాసిపెడితే, రేపు దాన్ని శుభ్రం చేయడానికి కూర్చునేవారికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.